బావి ఇంజను నుంచి వి-8 కారు దాకా: క్యాంషాఫ్టు చేసే పని

సెలవులకు వచ్చినప్పుడు మన వేంపల్లె హాస్టల్‌కు ఒకసారి వచ్చి పోవడం మాకు అలవాటు. స్టడీ అవర్ అయ్యాక తమ్ముళ్ళు చుట్టూ చేరి ఏవేవో అడుగుతుంటారు. ఈసారి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగిన ప్రశ్న మాకు బాగా నచ్చింది. "అన్నా, స్ప్లెండర్ బండి ఏడున్నర హార్స్ పవర్ అంటారు. మా బావి కాడ ఉన్న పాత ఆయిల్ ఇంజను ఐదు హార్స్ పవరే. ఆ ఇంజను నలుగురు పట్టినా లేవదు. బండినేమో ఇద్దరం ఎత్తి పక్కన పెడతాం. తక్కువ పవరున్నదానికి అంత బరువెందుకు?"

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని అడిగినప్పుడు మాకు ఈ ప్రశ్నే గుర్తొచ్చింది. దీనికి పూర్తి జవాబు చెప్పాలంటే ఇంజను లోపల ఎవరికీ కనపడకుండా తిరిగే ఒక కడ్డీ గురించి చెప్పాలి. దాని పేరు క్యాంషాఫ్టు. బావి ఇంజనులో, బులెట్టులో, అంబాసిడర్‌లో, అమెరికావాళ్ళ పాత వి-8 కార్లలో, అన్నిట్లోనూ ఉండేది ఇదే. ఇంజను ఏ పనికి పనికొస్తుందో చాలావరకు నిర్ణయించేది కూడా ఇదే.

ముందు హార్స్ పవర్ సంగతి చూద్దాం. ఇంజను తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఒక మీటరు పొడవున్న కడ్డీ చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే ఎంత తిప్పుడు బలం వస్తుందో అది ఒక కిలోగ్రాం-మీటరు. ఆ బలాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 716తో భాగిస్తే హార్స్ పవర్ వస్తుంది. ఇదే లెక్కను తిరగేసి చూడండి. బావి ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతూ 5 హార్స్ పవర్ ఇస్తుంది కాబట్టి దాని టార్క్ దాదాపు 2.4 కిలోగ్రాం-మీటర్లు. హీరో హోండా స్ప్లెండర్ 8000 చుట్ల దగ్గర ఏడున్నర హార్స్ పవర్ ఇచ్చేది కాబట్టి అక్కడ దాని టార్క్ 0.67 మాత్రమే. అంటే బలంలో బావి ఇంజను మూడున్నర రెట్లు పెద్దది. బండి తన తక్కువ బలాన్ని గిరగిరా తిరిగి పూడ్చుకుంటోంది, అంతే.

బలంలో తేడాకు సైజు కూడా కారణమే, కాదనం. స్ప్లెండర్ సిలిండరు 97.2 సీసీ. కిర్లోస్కర్ ఏవీ1 అనే ఐదు హార్స్ పవర్ ఇంజను 553 సీసీ. కానీ అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఐదున్నర రెట్లు పెద్ద సిలిండరు పెట్టుకుని ఆ ఇంజను 1500 చుట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయింది? దాన్ని కూడా 8000 చుట్లు తిప్పితే పోలేదా? పోదు. డీజిలు ఇంజను కాబట్టి భాగాలన్నీ బరువు, అది ఒక కారణం. అంతకన్నా ముందు, ఆ వేగంలో దానికి ఊపిరి ఆడదు.

నాలుగు స్ట్రోకుల ఇంజను గురించి సైన్సు పుస్తకంలో చదివే ఉంటారు. పిస్టను కిందికి దిగుతూ గాలిని పీలుస్తుంది, పైకి వస్తూ నొక్కుతుంది, ఇంధనం మండి మళ్ళీ కిందికి నెట్టబడుతుంది, చివరికి పైకి వస్తూ పొగను బయటికి తోస్తుంది. ఈ నాలుగు పనులకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఈ రెండు చుట్లలో గాలి వచ్చే ఇన్‌లెట్ వాల్వు ఒకసారి, పొగ పోయే ఎగ్జాస్టు వాల్వు ఒకసారి తెరుచుకోవాలి. అందుకే క్యాంషాఫ్టును సరిగ్గా సగం వేగంతో తిప్పుతారు. క్రాంకు చక్రానికి ఎన్ని పళ్ళుంటే క్యాం చక్రానికి దానికి రెట్టింపు పళ్ళుంటాయి. కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులుంటాయి. వీటిని లోబులు అంటారు. లోబు మొన పైకి వచ్చినప్పుడు ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను, రాకర్ వాల్వును కదిలిస్తుంది. మొన దాటిపోగానే స్ప్రింగు వాల్వును మళ్ళీ మూసేస్తుంది. మన ఊళ్ళో ఏతం చూసినవాళ్ళకు రాకర్ అర్థం కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది.

మన హాస్టల్ పిల్లల నాయనల్లో చాలామంది ఒకప్పుడు కూలికిపోయి ఆయిల్ ఇంజన్లు తోలినవాళ్ళే. కరెంటు మోటార్లు, ఆ తర్వాత బోర్లలో సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాక ఆ ఇంజన్లు కొట్టాల్లో మూలకు చేరాయి. ఇంజను తల మీద ఉండే చిన్న లివరును ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో హ్యాండిల్ గిరగిరా తిప్పి, వేగం అందుకోగానే లివరు వదిలేసేవాళ్ళు. ఇంజను దబ్ దబ్‌మని పట్టుకునేది. ఆ లివరు చేసే పని వాల్వును కొంచెం తెరిచి ఉంచడమే. వాల్వు తెరిచి ఉంటే లోపల గాలి నొక్కుడు పడదు, చెయ్యి సులభంగా తిరుగుతుంది. వాల్వు ఎప్పుడు మూసుకుంటే ఇంజనుకు బలం వస్తుందో వాళ్ళకు చేతితో తెలుసు. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. ఇప్పుడు ఎం.టెక్. చదువుతున్నాం. అయినా ఈ ఒక్క విషయం పుస్తకం కన్నా ముందు మా నాయన దగ్గరే నేర్చుకున్నాం.

ఇక లోబు ఆకారంలో మూడు సంగతులు చూడాలి. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందో అది లిఫ్ట్. ఎంతసేపు తెరిచి ఉంటుందో అది డ్యూరేషన్. దీన్ని సెకన్లలో కాక క్రాంకు తిరిగిన డిగ్రీల్లో చెబుతారు. ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ తెరుచుకుని రెండూ కలిసి కాసేపు తెరిచి ఉంటాయి. అది ఓవర్‌ల్యాప్. ఈ మూడు మాటలు ఇంగ్లీషులో ఉన్నాయని భయపడాల్సిన పనేమీ లేదు.

పిస్టను పై చివర నుంచి కింది చివరకు రావడం 180 డిగ్రీలు. అంతసేపే ఇన్‌లెట్ తెరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. గాలికి కూడా బరువుంది. తలుపు తీయగానే పరుగెత్తదు, పరుగెత్తడం మొదలెడితే వెంటనే ఆగదు. కిర్లోస్కర్ ఏవీ1 ఇంజనులో ఇన్‌లెట్ వాల్వు పిస్టను పై చివరకు రావడానికి 4.5 డిగ్రీల ముందే తెరుచుకుంటుంది, కింది చివర దాటాక 35.5 డిగ్రీలకు మూసుకుంటుంది. కలిపితే 220 డిగ్రీలు. ఎగ్జాస్టు కింది చివరకు 35.5 డిగ్రీల ముందు తెరుచుకుని, పై చివర దాటిన 4.5 డిగ్రీలకు మూసుకుంటుంది. రెండూ కలిసి తెరిచి ఉండేది 9 డిగ్రీలు మాత్రమే. చాలా తక్కువ. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు అంతే చాలు.

ఇప్పుడు ఈ 220 డిగ్రీలను కాలంలోకి మార్చండి. 1500 చుట్ల దగ్గర ఒక చుట్టుకు సెకనులో 25వ వంతు పడుతుంది. 220 డిగ్రీలంటే 0.0244 సెకను. అదే క్యాంతో 6000 చుట్లు తిప్పితే గాలికి దొరికేది 0.0061 సెకను. నాలుగో వంతు! సిలిండరు సైజు మారలేదు, తలుపు సైజు మారలేదు, లోపలికి రావడానికి ఉన్న సమయం మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది. సిలిండరు సగం ఖాళీగానే ఉండిపోతుంది. ఎక్కువ చుట్లు తిరగాల్సిన ఇంజనుకు వాల్వు ఎక్కువ డిగ్రీలు తెరిచి ఉండాలనేది అందుకే.

మరి ఎక్కువ డిగ్రీలు ఇచ్చేస్తే పోదా? దీనికి మన మెస్సునే చూడండి. మొదటి బ్యాచి తిని ఒక తలుపు నుంచి బయటికి పోతుంటే రెండో బ్యాచి ఇంకో తలుపు నుంచి లోపలికి వస్తుంది. అందరూ పరుగు మీద ఉన్న రోజు రెండు తలుపులూ కాసేపు కలిపి తెరిస్తే మంచిదే. పోయేవాళ్ళ వెనకే వచ్చేవాళ్ళు జొరబడతారు, ఒక్క నిమిషం కూడా వృథా కాదు. కానీ అందరూ తీరుబడిగా నడిచే ఆదివారం నాడు అలా తెరిస్తే, పోవాల్సినవాళ్ళు రెండో కూర కోసం వెనక్కి తిరుగుతారు, లోపలికి వచ్చినవాళ్ళు ప్లేటు పట్టుకుని ఎదుటి తలుపు నుంచి బయటికే పోతారు. ఓవర్‌ల్యాప్ కూడా ఇంతే. వేగం మీద పొగ బయటికి దూసుకుపోతూ కొత్త గాలిని వెంట లాక్కొస్తుంది. నెమ్మది మీద పొగ ఇన్‌లెట్ వైపే తిరిగొస్తుంది, పెట్రోలు కలిసిన కొత్త గాలి కొంత మండకుండానే సైలెన్సర్ నుంచి వెళ్ళిపోతుంది.

ఓవర్‌ల్యాప్ కన్నా ముఖ్యమైనది ఇన్‌లెట్ మూసుకునే వేళ. పిస్టను కింది చివర నుంచి పైకి బయలుదేరాక కూడా ఆ తలుపు తెరిచే ఉంటుందని చెప్పాం కదా. వేగం మీద గాలి తన ఊపుతో ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆలస్యంగా మూస్తే లాభం. నెమ్మది మీద ఆ ఊపు ఉండదు. పైకి వచ్చే పిస్టను లోపలున్న గాలినే వెనక్కి నెట్టేస్తుంది. సిలిండరులో మిగిలింది తక్కువ, నొక్కుడు తక్కువ, బలం తక్కువ.

ఇది మా కళ్ళముందే జరిగింది. మాకు బాబాయి వరుసయ్యే ఒకాయన పాత బులెట్టు ఒకటి కొన్నాడు. క్యాస్ట్ ఐరన్ ఇంజనున్న 350, అంటే 346 సీసీ బండి. ఒక షెడ్డులో ఇంజను మొత్తం విప్పించి బాగు చేయించాడు. వచ్చాక కిక్కు చాలా తేలిగ్గా దిగుతోందని మొదట మురిసిపోయాడు కూడా. తీరా చూస్తే స్టార్టు కావడం కష్టం. కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే రెండో గేరులో కూడా గునుస్తోంది. సాపు రోడ్డు మీద ఒకసారి వేగం అందుకుంటే మాత్రం ఏ జబ్బూ లేనట్టు పోతోంది. కార్బ్యురేటర్ మార్చారు, ప్లగ్గు మార్చారు, క్లచ్చు ప్లేట్లు మార్చారు. రెండు నెలల కూలి డబ్బులు వాటికే పోయాయి. చివరికి ఇంకో ఊరి పెద్ద మేస్త్రి ఒకాయన ఇవేవీ ముట్టుకోకుండా కుడివైపు టైమింగు కవరు విప్పాడు. "గుర్తులు చూసినారా అబ్బీ బిగించేటప్పుడు? ఊపిరి పీల్చే వేళ తప్పింది దీనికి" అన్నాడు. ఇన్‌లెట్ క్యాం చక్రం ఒక పన్ను ఆలస్యంగా పడింది.

ఒక పన్నుకే ఇంత గోలా అనిపించవచ్చు. లెక్క చూడండి. క్యాం చక్రానికి 40 పళ్ళున్నాయనుకుందాం. ఒక పన్ను అంటే 9 డిగ్రీలు. క్యాం సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి క్రాంకు లెక్కలో అది 18 డిగ్రీలు. బావి ఇంజను ఓవర్‌ల్యాప్ మొత్తం 9 డిగ్రీలేనని చెప్పుకున్నాం, దానికి రెట్టింపు. ఇన్‌లెట్ అంత ఆలస్యంగా మూసుకుంటే తక్కువ వేగంలో నొక్కుడు పడిపోతుంది. కిక్కు తేలికైంది అందుకే. ఘాట్‌లో లాగకపోవడం, వేగం మీద బాగుండడం కూడా అందుకే. పాత బులెట్టులో ఇన్‌లెట్‌కు ఒకటి, ఎగ్జాస్టుకు ఒకటి, విడివిడిగా రెండు క్యాంలుంటాయి. పళ్ళ చక్రాలతో తిరుగుతాయి. ఆ చక్రాల మీద చిన్న గుర్తులుంటాయి. గుర్తుకు గుర్తు కలవాలి. సెకండ్ హ్యాండ్ బులెట్టు కొనే అన్నలు కార్బ్యురేటర్ మీద డబ్బులు పోసేముందు ఈ ఒక్కటి చూపించుకోండి.

బాబాయి బండికి పొరపాటున జరిగిందే అమెరికాలో కుర్రాళ్ళు డబ్బులిచ్చి మరీ చేయించుకున్నారు. ఇక్కడే వి-8 కథ మొదలవుతుంది.

పాత సినిమాల్లో పెద్ద బంగళా ముందు ఆగే పొడుగాటి ఇంపాలా కారు గుర్తుందా? చాలా ఇంపాలాల్లో ఉన్నది వి-8 ఇంజనే. ఎనిమిది సిలిండర్లను ఒకే వరసలో పెడితే ఇంజను మరీ పొడుగవుతుంది. అందుకని నాలుగు ఇటు, నాలుగు అటు, రెండు చేతులు పైకి చాచినట్టు పెడతారు. ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1932లో ఫోర్డు కంపెనీ వి-8 దిమ్మను ఒకే పోతగా పోసి, సామాన్యులు కొనే కారులో పెట్టింది. 3.6 లీటర్ల ఇంజను, 65 హార్స్ పవర్. అందులో వాల్వులు సిలిండర్ల పక్కనే దిమ్మలో ఉండేవి, పుష్‌రాడ్లు ఉండేవి కావు. 1955లో షెవ్రొలే కంపెనీ తెచ్చిన 4.3 లీటర్ల వి-8లో వాల్వులు తల మీదికెళ్ళాయి. రెండు వరసల మధ్య లోయలో ఒకే ఒక్క క్యాంషాఫ్టు. దాని మీద 16 లోబులు, 16 పుష్‌రాడ్లు, 16 వాల్వులు.

ఇందులో ఉన్న గమ్మత్తు ఇదే. ఆ ఒక్క కడ్డీ మారిస్తే ఎనిమిది సిలిండర్ల స్వభావమూ ఒక్కసారే మారుతుంది. షెవ్రొలే 1957లో అమ్మిన 283 ఘనపు అంగుళాల ఇంజను, అంటే మన లెక్కలో 4.6 లీటర్లది, దీనికి మంచి ఉదాహరణ. మామూలు కుటుంబపు కారుకు ఒక కార్బ్యురేటర్‌తో 4600 చుట్ల దగ్గర 185 హార్స్ పవర్. కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో రెండు పెద్ద కార్బ్యురేటర్లు పెట్టి 5000 చుట్ల దగ్గర 245. ఆ రెండు కార్బ్యురేటర్లు అలాగే ఉంచి వేరే క్యాం వేస్తే 6000 చుట్ల దగ్గర 270. పెట్రోలు ఇంజెక్షన్, ఎక్కువ కంప్రెషన్ కూడా చేర్చి 6200 చుట్ల దగ్గర 283 చేశారు. అంటే ఘనపు అంగుళానికి ఒక హార్స్ పవర్. ఆ రోజుల్లో దాన్ని గొప్పగా చాటుకున్నారు. ఇవి ఫ్యాను, సైలెన్సర్ లాంటివి తీసేసి బెంచి మీద కొలిచిన అంకెలు కాబట్టి రోడ్డు మీద కొంత తక్కువే అనుకోండి.

245 నుంచి 270కి పెరిగింది ప్రధానంగా క్యాం వల్లే. ఆ క్యాం తయారుచేసిన ఇంజనీరు జోరా ఆర్కస్ డంటోవ్. 1909లో బెల్జియంలో రష్యన్ దంపతులకు పుట్టి, 1953లో జనరల్ మోటార్స్‌లో చేరాడు. పెరిగిన ఆ 25 హార్స్ పవర్ ఊరికే వచ్చిందా? రాలేదు. అత్యధిక టార్క్ కొంత తగ్గింది, ఆ తగ్గిన టార్క్ కూడా ఎక్కువ చుట్ల దగ్గర గానీ దొరకలేదు. 716తో భాగించే లెక్క గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు. బలం కాస్త తగ్గినా చుట్లు బాగా పెరిగితే హార్స్ పవర్ పెరుగుతుంది. స్ప్లెండర్ చేసిందీ ఇదే పని.

పెద్ద క్యాం వేసిన వి-8 ఆగి ఉన్నప్పుడు కుంటుతున్న గుర్రంలా గుడుగుడుమంటూ ఊగుతుంది. ఆ శబ్దం కోసమే పెద్ద క్యాం వేయించుకునేవాళ్ళున్నారు. నిజానికి అది ఓవర్‌ల్యాప్ ఎక్కువై, పొగ వెనక్కి తిరిగొచ్చి, ఒక సిలిండరు సరిగ్గా మండి ఇంకొకటి మండకపోవడం వల్ల వచ్చే శబ్దం. మన దగ్గర కూడా చప్పుడు పెరిగితే పవరు పెరిగిందనుకుని సైలెన్సర్ కోయించేవాళ్ళు తక్కువేం కాదు! వి-8లో దీనికి ఇంకో చిక్కుంది. ఇంజను పీల్చే వాక్యూమ్‌తోనే బ్రేకు బూస్టరు పనిచేస్తుంది. నెమ్మది మీద వాక్యూమ్ పడిపోతే బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. శబ్దం మోజుకు బ్రేకు బలి అన్నమాట.

క్యాం ఒక్కటే మార్చి ఊరుకుంటే మిగిలేది నష్టమే. ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుంటే పోయే నొక్కుడును పూడ్చడానికి కంప్రెషన్ పెంచాలి. గాలి రావడానికి పెద్ద కార్బ్యురేటర్, పొగ పోవడానికి మంచి గొట్టాలు కావాలి. 6200 చుట్ల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు 52 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. స్ప్రింగు బలహీనమైతే వాల్వు లోబును అంటిపెట్టుకోలేక గాలిలో తేలుతుంది, ఒక్కోసారి పిస్టనుకు తగిలి వంగుతుంది. ఇంజను ఎక్కువ చుట్లలో ఉండేట్టు వెనక యాక్సిల్ గేర్లు కూడా మార్చాలి. ఇవన్నీ చేశాక ఆ కారు పందేనికి బాగుంటుంది, పాలక్యాన్లు వేసుకుని పోవడానికి పనికిరాదు.

వి-8లో ఉన్నది ఒకే కడ్డీ కాబట్టి ఇన్‌లెట్ లోబు మొనకూ ఎగ్జాస్టు లోబు మొనకూ మధ్య దూరం అరగదీసినప్పుడే స్థిరపడిపోతుంది. బులెట్టులో లాగా ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని జరపలేం. రెండు వాల్వులూ 280 డిగ్రీలు తెరిచి ఉండే క్యాంలో ఈ దూరం 110 డిగ్రీలుంటే ఓవర్‌ల్యాప్ 60 వస్తుంది. 114 చేస్తే 52కు తగ్గి ఆగి ఉన్నప్పుడు ఇంజను కాస్త నిలకడగా ఉంటుంది. ఇంత సన్నని పనిని పెద్ద కంపెనీలే చేశాయనుకోకండి. కాలిఫోర్నియాలో ఎడ్ ఇస్కెండేరియన్ అనే ఆర్మేనియన్ల అబ్బాయి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒక గ్రైండింగ్ మిషన్‌ను తానే మార్చుకుని క్యాంలు అరగదీయడం మొదలుపెట్టాడు. అమెరికాలో పందెపు కార్లవాళ్ళందరికీ తెలిసిన పేరయ్యాడు.

మన దేశంలోనూ ఇలాంటి జోడీ ఒకటుంది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌లో చాలా ఏళ్ళు నడిచిన 1489 సీసీ పెట్రోలు ఇంజను ఇంగ్లండు బి.ఎం.సి. కంపెనీ డిజైను. దాని శక్తి సుమారు 50 హార్స్ పవర్. అదే కుటుంబపు 1489 సీసీ ఇంజనును ఇంగ్లండులో ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో పెట్టి, రెండు కార్బ్యురేటర్లతో, ఎక్కువ వేగానికి అనువుగా మలిచి 70 దాటించారు. మన అంబాసిడర్ ఏడుగురినీ, డిక్కీ నిండా సామానునూ ఎత్తుకుని మట్టి రోడ్డు మీద గేరు మార్చకుండా లాగింది. ఎం.జి.ఎ. ఆ పని చేయమంటే ఏడ్చేది. మా ఓటు అంబాసిడర్‌కే.

క్యాం ఎంత బాగా అరగదీసినా దాని పని చెడగొట్టేది ట్యాపెట్ గ్యాపు. వాల్వు మూసి ఉన్నప్పుడు రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య కొద్దిపాటి సందు వదులుతారు. ఇంజను వేడెక్కి లోహం సాగినా వాల్వు పూర్తిగా మూసుకోవాలి కదా. గ్యాపు ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, టక టక శబ్దం వస్తుంది. అంటే చిన్న క్యాం వేసినట్టే. గ్యాపు లేకుండా బిగిస్తే శబ్దం రాదు, ఓనరుకు సంతోషం. కానీ వాల్వు సీటు మీద ఆనదు, సందులోంచి మంట దూరి కొన్నాళ్ళకు వాల్వు అంచు కాలిపోతుంది. శబ్దం చేసే ఇంజను కన్నా నోరు మూసుకున్న ఇంజనుకే ప్రమాదం ఎక్కువ. క్యాస్ట్ ఐరన్ బులెట్టుకు మాత్రం చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్ళతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఈ పరీక్ష మేస్త్రులందరికీ తెలుసు.

పాత వి-8 కార్లు ఇప్పటికీ పెట్టుకున్నవాళ్ళకు ఇంకో తలనొప్పి ఉంది. వాటి ట్యాపెట్లు లోబు మీద జారుతూ తిరుగుతాయి. ఇంజను మొత్తంలో ఒత్తిడి బాగా ఎక్కువ పడే చోట్లలో అదొకటి. పాత ఆయిళ్ళలో జింకు, ఫాస్ఫరస్ ఉన్న ఒక మందు కలిపి ఆ చోటును కాపాడేవారు. కొత్త కార్ల సైలెన్సర్లలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందని ఆ మందు తగ్గించారు. దాంతో పాత ఇంజన్లలో కొత్తగా వేసిన క్యాంలు కొద్ది గంటల్లోనే అరిగిపోయిన సందర్భాలున్నాయి. అందుకే కొత్త క్యాం వేయగానే ఇంజనును ఊరికే ఆన్ చేసి వదలరు. దాదాపు 2000 చుట్ల మీద ఇరవై నిమిషాలు నడిపి ఆ రెండు లోహాలనూ ఒకదానికొకటి అలవాటు చేస్తారు.

నెమ్మదికి ఒక క్యాం, వేగానికి ఒక క్యాం, రెండూ ఉంటే బాగుంటుంది కదా అని అడుగుతారు. ఉంది. హోండా 1989లో విటెక్ పేరుతో కార్లలో తెచ్చింది అదే. తక్కువ చుట్లలో చిన్న లోబు, చుట్లు పెరగగానే ఆయిలు ఒత్తిడితో ఒక పిన్ను కదిలి పెద్ద లోబు పని అందుకుంటాయి. ఇప్పుడు మన ఊళ్ళో తిరిగే మామూలు పెట్రోలు కార్లలో కూడా క్యాంను అవసరానికి ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు ఉంటుంది. 1957 కార్వెట్ కొన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. షోరూములోనే తేల్చుకోవాల్సి వచ్చేది.

పాలిటెక్నిక్‌కు పోయే తమ్ముళ్ళకు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మెకానికల్ తీసుకునే మన పిల్లలకు ఒక మాట. వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ అనే ప్రయోగం మీకు తప్పకుండా వస్తుంది. చాలా కాలేజీల ల్యాబుల్లో ఆ ప్రయోగానికి ఉండేది ఏ విదేశీ యంత్రమో కాదు, మనం బావి గట్టున చూసిన అలాంటి కిర్లోస్కర్ ఇంజనే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంజను చుట్టూ నిలబడే గుంపులో చివరి వరసలో ఉండిపోతారు. వైవాలో 'ఓవర్‌ల్యాప్ అంటే ఏమిటి' అని ఇంగ్లీషులో అడిగితే నోరు పెగలదు. ముందు వరసలో ఉన్నవాళ్ళలో చాలామంది ఇంజను హ్యాండిల్ అంతకుముందు ముట్టుకుని ఉండరు. మీరు ముందుకు జరిగి హ్యాండిల్ పట్టుకోండి.

ప్రయోగం ఇంట్లో మూలనపడ్డ ఇంజను మీద కూడా చేసుకోవచ్చు. ఒక దారం, ఒక చాక్‌పీసు, ఒక సన్నని కాగితం ముక్క చాలు. డీజిలు కట్టేసి, లివరు ఎత్తి, ఫ్లైవీలును అది మామూలుగా తిరిగే వైపే చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టను పై చివర, కింది చివర ఎక్కడో చూసి, దిమ్మ మీద ఒక స్థిరమైన గీతకు ఎదురుగా ఫ్లైవీలు మీద గుర్తులు పెట్టండి. తర్వాత లివరు దించేయాలి, లేకపోతే వాల్వు తెరుచుకునే ఉండి లెక్క తప్పుతుంది. ఇన్‌లెట్ వాల్వు కాడకూ రాకర్‌కూ మధ్య కాగితం పెట్టి తిప్పండి. కాగితం బిగుసుకున్న చోట వాల్వు తెరుచుకోవడం మొదలైనట్టు, మళ్ళీ వదులైన చోట మూసుకున్నట్టు. రెండు చోట్లా చాక్‌పీసుతో గీత గీయండి. దారంతో ఫ్లైవీలు చుట్టుకొలత కొలవండి. 180 సెంటీమీటర్లు వచ్చిందనుకుంటే అర సెంటీమీటరు ఒక డిగ్రీ. పై చివర గుర్తుకు రెండుంపావు సెంటీమీటర్ల ముందు, కింది చివర గుర్తు దాటాక పదిహేడు ముప్పావు సెంటీమీటర్ల దగ్గర మీ గీతలు పడాలి. ట్యాపెట్ గ్యాపును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. గీతలు చెరిపేయకండి, ఎగ్జాస్టువి కూడా వాటి పక్కనే వేరే రంగు చాక్‌పీసుతో గీయాలి.